పాలపొట్ట వడ్లు

ఉప్పునీళ్లు మురుగుకాలవ ఎక్కుతున్నాయని నాంచారయ్య కేకేసేసరికి ప్రభావతి కొడవలి పుచ్చుకుని చేలో దిగింది. నాగాయలంక అవతల, పోటెత్తితే సముద్రం తగిలే అరెకరం అది. అందులో ఉన్నది పాలపొట్ట వరి. గింజ నడుమ సుద్దలా తెల్లగా ఉండి మిల్లులో నూకైపోతుందని దివిసీమ రైతులు ఏనాడో వదిలేసిన రకం. చేపల వేటకెళ్లే నాంచారయ్య తన లంకలో ఇంటి తిండికని నిలుపుకున్న విత్తనం అడిగి తెచ్చి పెంచుతోందామె.

ఆ తెల్ల నడుమే కావాలన్నాడు మొరితా. బందరులో రొయ్యల కంపెనీలో పనిచేసే జపాను మనిషి. వాళ్ల నాన్న తమ దేశంలో బియ్యం పులియబెట్టి సాకే అనే మద్యం చేస్తాడు. అందుకు ఇలాంటి గింజే శ్రేష్ఠమట.

"ఇంకా పచ్చిగా ఉందమ్మా. కాస్త ఆగితే పండుద్ది," అన్నాడు నాంచారయ్య.

"ఆగితే గింజే ఉండదు బాబాయ్. కొయ్యి!"

మొరితా బురదలో దిగి గట్టుకి మట్టిబస్తాలు పేరుస్తున్నాడు. అవతల నీళ్లు పైపైకొస్తున్నాయి. సగం చేను కోసి పనలు మెరకకు చేర్చారో లేదో, గట్టు తెగింది. మిగతా సగం కళ్లముందే మునిగిపోయింది. నాంచారయ్య లంక మడీ ఆ పోటుకే పోయింది.

నూర్చి ఎండబెడితే తేలింది ఒక్క బస్తా.

"ఇది నాకిచ్చేయండి," అన్నాడు మొరితా వచ్చీరాని తెలుగులో. "నాన్న మంచం పట్టారు. ఈ చలికాలం దాటితే ఎవరికి రుచి చూపించను?"

"మరి విత్తనం ఎక్కణ్ణుంచి తేనండీ?" అంది ప్రభావతి. "సగం తీసుకోండి."

"సగంతో పులియబెట్టే తొట్టి నిండదు."

"అయితే ఇవ్వలేను."

అతను వెళ్లిపోయాడు. ఆమె బస్తా మూతి బిగించి కట్టింది.

తొలకరికి నారుమడిలో వడ్లు చల్లింది. పచ్చిగా కోసిన గింజ మొలుస్తుందో లేదోనని రోజూ వెళ్లి వంగి చూసేది. పల్చగానే అయినా మొలిచింది. నాట్లనాడు మొరితా వచ్చాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు. తండ్రి మాఘంలో పోయాడట. ఆమె ఏదో చెప్పబోతే చేత్తో వారించి, ప్యాంటు మడిచి నారుకట్ట అందుకున్నాడు.

ఆ పంటలో విత్తనం పోను మిగిలిన వడ్లు జపానుకు ఓడెక్కాయి. మరుసటేడు మొరితా తండ్రి తొట్టిలోనే పులిసిన సాకే సీసా ఒకటి వచ్చింది.

నాంచారయ్య గుటకేసి, "కల్లంత ఘాటు లేదు గానీ, కొత్త బియ్యం వాసనొస్తందమ్మా," అన్నాడు.

ప్రభావతి గ్లాసు అందుకుంది. చూడని ఆ పెద్దాయన్ని తలుచుకుని ఒక్క గుక్క తాగింది.