తొట్టిలో తగ్గిన నీళ్ళు

ఎనభయ్యారులో రంజాన్ మండు వేసవిలో వచ్చింది. నరసరావుపేటలో మా వీధి కుళాయికి రోజు విడిచి రోజు నీళ్ళు. నాలుగు బిందెలు పట్టేసరికి నడుం పడిపోయేది. అలాంటి రోజుల్లో మా ఆయన మీరా సాహెబ్ గుంటూరు నుంచి గాజు తొట్టి, అందులోకి ఎర్ర చేపలు తెచ్చి ముందుగదిలో పెట్టాడు. మనుషులకే దిక్కులేదంటే చేపలకొకటా అని గొణిగాను. ఆయన విన్నాడా? పైగా వాటికి ఉక్కపోస్తుందని పగలంతా ఫ్యాను తిరగనివ్వమన్నాడు.

వారం తిరిగేసరికి తొట్టిలో నీళ్ళు బెత్తెడు తగ్గాయి. ఆయనది లారీ రేడియేటర్ల పని. నీళ్ళు తగ్గాయంటే ఎక్కడో కారాలి, లేదా ఎవరో తీయాలి. ఆయన లెక్క అంతే. తొట్టి అతుకుల వెంట వేలు రాసి చూశాడు. అడుగున కాగితం పరిచి చూశాడు. చుక్క తడి లేదు. ఇక మిగిలింది నేను. కుళాయి దగ్గర నిలబడటానికి బద్ధకించి, బండలు కడగడానికి ఆ నీళ్ళు ముంచుకుంటున్నానని తేల్చాడు.

నేను ముట్టుకోలేదన్నాను.

"రోజా ఉండి అబద్ధమాడతావేందే?" అన్నాడు.

ఒళ్ళు భగ్గుమంది. ఇన్నేళ్ళ కాపురంలో చాలా మాటలన్నాడు, పడ్డాను. ఇది మాత్రం పడలేకపోయాను. ఎండకు నాలుక పిడచగట్టుకుపోతున్నా గుక్కెడు నీళ్ళు ముట్టకుండా ఉన్నదాన్ని, నా రోజాను ఒక్క మాటతో మట్టిలో కలిపేశాడు. ఏడుపొచ్చింది, కానీ ఆయన ముందు ఏడవదలచుకోలేదు.

మర్నాడు వెడల్పాటి బేసినులో అంచుదాకా నీళ్ళు పోసి తొట్టి పక్కన పెట్టాను. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని షాపుకు పొమ్మన్నాను. ఫ్యాను ఎప్పటిలాగే తిరుగుతూ ఉంది.

సాయంత్రం ఇఫ్తారుకు వచ్చి తాళం తీశాడు. బేసినులో నీళ్ళు అంచుకు అరవేలు కిందికి దిగి ఉన్నాయి. వంగి చాలాసేపు చూశాడు. తలెత్తి ఫ్యాను వంక చూశాడు. నీళ్ళు గాలికి ఆరిపోతున్నాయని అప్పటికి అర్థమైంది ఆ మహానుభావుడికి. నవ్వుతూ వచ్చి, పోన్లే, నువ్వు చెప్పింది నిజమేనన్నాడు. గొడవంతా తీరిపోయినట్టు ఖర్జూరాల పళ్ళెం నా ముందుకు జరిపాడు.

"నేను చెబితే నమ్మలా. బేసిను చెబితే నమ్మావు," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. మసీదులో బాంగు వినపడింది. చెరో ఖర్జూరం తీసుకుని రోజా విడిచాం.

తెల్లవారి ఫ్యాను తనే కట్టేసి, గది తలుపులు బార్లా తెరిచిపెట్టి బయల్దేరాడు. గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచాను.

"తాళమేసుకుని పో. రేపు ఇంకేం తగ్గుద్దో."