పదహారు స్పీకర్ల పెట్టె

మా ఆయన పెంచలకృష్ణ వాకాడులో టీవీలు బాగుచేస్తాడు. బాగుకానివన్నీ మా ఇంటికి చేరతాయి. ఈసారి వాటిలోంచి అరచేతిలో పట్టే స్పీకర్లు పదహారు ఊడబెరికి, మనిషెత్తు చెక్కపెట్టెలో ఒకదాని కింద ఒకటి బిగించాడు. అదంతా మా అన్న పోలేరయ్య కోసం.

అన్న ఇరవై ఏళ్లు ఇంజన్ బోటు మీద వేటకెళ్లి చెవులు పోగొట్టుకున్నాడు. రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి పాటలు వినేవాడు, రెండు నెలలుగా రావడం లేదు. ఒకే స్పీకరు గట్టిగా పెడితే దగ్గరున్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి. పదహారూ కలిసి తలా కాస్త పలికితే దూరంగా గోడవార కూర్చునే అన్నకూ వినపడుతుంది, మాకూ బాధ ఉండదని ఈయన ఆలోచన. అన్న మళ్లీ మా గడప తొక్కుతాడంటే నేను అరవై స్పీకర్లకైనా ఒప్పుకునేదాన్నే.

ఆదివారం బతిమాలి పిలుచుకొచ్చాను. ఈయన పాట పెట్టాడు. పీలగా వచ్చింది, డోలు దెబ్బ అసలే లేదు. అన్న తల అడ్డంగా ఊపాడు.

"ఎర్ర వైర్లన్నీ ఒక పక్కకే కలిపినానే" అని ఈయన తల గోక్కున్నాడు. పది రకాల టీవీల స్పీకర్లాయె, అన్నింటి ఎర్ర వైరూ ఒకటే అనుకోవడమే తప్పు. కొన్ని గాలిని బయటికి నెడుతుంటే కొన్ని లోపలికి లాగుతున్నాయి. ఎడ్డెమంటే తెడ్డెమనే సంసారం. ఏవి తిరగబడ్డాయో చూద్దామని వైర్లకు బ్యాటరీ తాకించాడు గానీ, స్పీకర్ల కదలిక కంటికి ఆనలేదు.

అన్న లేచొచ్చి ఒక స్పీకరు మీద వేలు పెట్టాడు. వల తాడు పట్టుకుని చేప తగిలిందో నాచు తగిలిందో చెప్పే మనిషి ఆయన.

"మళ్లీ తాకించు బావా. ఇది బయటికి తంతా ఉండాది. ఇది లోపలికి పోతా ఉండాది."

అలా తిరగబడ్డవి ఆరని తేల్చాడు. ఆ ఆరింటి వైర్లు మార్చి, ఈయన మళ్లీ పాట పెట్టాడు. ఈసారి డోలు నిండుగా మోగింది. అన్న వెనక్కి వెళ్లి గోడకానుకుని కూర్చున్నాడు.

"డోలు వినపడతా ఉండాది" అన్నాడు.

నాకు సంతోషం ఆగలేదు. "రోజూ రా అన్నా" అని అరిచాను.

అన్న ముఖం వాడిపోయింది. "అరవబాక స్వర్ణా. నువ్వరస్తే మాట వినపడదు, మొగం మాత్రం కోపంగా కనపడతాది. దినామూ తిట్లు తినేదానికి ఎవురొస్తారు?"

పాటలు వినపడకే రావడం లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. వెళ్లి అన్నకు ఎదురుగా కూర్చుని, మెల్లగా అన్నాను.

"రొయ్యల పులుసు చేసినా. తిని పో అన్నా."

అన్న నా పెదవులనే చూశాడు.

"మామిడికాయేసినావా?" అని అడిగాడు.