కదలని నల్లగాజు

"వదినకు బిడ్డ పుట్టింది. నువ్వు చిన్నమ్మవైనవ్" అని నిఖిల్ ఫోన్ చేసినప్పుడు నా చేతుల నిండా జొన్నపిండి. ఆ చేతులతోనే వంటింట్లో గిర్రున ఒక చుట్టు తిరిగాను. పెళ్లై నాలుగు నెలలు. ఎండిన దుప్పటి వాసనకూ, వీధి మలుపులో నిఖిల్ బండి హారన్‌కూ కూడా సంతోషపడే రోజులు. ఆ సాయంత్రమే సిద్దిపేట బజారుకు వెళ్లి, పాపకు నల్లపూసల గాజుల జత కొన్నాను.

సుచిత్రక్క నా తోటికోడలు. ఆమెకు తల్లి లేదు, బావ మగ్గాల పనికి భివండీలో ఉంటాడు, అందుకే ఆస్పత్రి నుంచి వచ్చాక పురుడు మా ఇంట్లోనే. నీళ్లు కాచడం, పొత్తిగుడ్డలు ఉతకడం నా పని. లాల పోసేది అత్తమ్మ. చాపుకున్న కాళ్ల మీద పాపను పడుకోబెట్టి, నూనె రుద్ది, చేయీ కాలూ ఎదురెదురుగా కలిసేలా లాగేది.

తొమ్మిదో రోజు గుడ్డలు ఆరేసి వచ్చి పాప గాజులు తిప్పబోయాను. కుడిచేతిది తిరిగింది. ఎడమది కదల్లేదు. ఆ చేయి భుజం దాకా ఉబ్బి ఉంది.

"నువ్వు తెచ్చిన గాజే బిగిసింది" అంది అత్తమ్మ. కత్తెరతో దాని దారం కోసేశాను. మధ్యాహ్నమైనా వాపు తగ్గలేదు. నా సంబరమే పసిదాని చేతికి చుట్టుకుందా అనుకుంటూ అంట్లు తోముతుంటే పళ్లెం జారిపడింది. పాప ఉలిక్కిపడింది. కుడిచేయి గాల్లోకి లేచింది. ఎడమది పక్కన అట్లాగే పడి ఉంది.

అక్క నా వైపు చూసింది. "పొద్దున లాల పోస్తుంటే చెయ్యి టక్కుమన్నది చెల్లె. ఏడిస్తె ఒళ్లు గట్టివడుతదన్నది అత్తమ్మ."

ఆస్పత్రికి తీసుకుపోదామంటే, ఇరవై ఒకటో రోజు దాకా బిడ్డ గడప దాటొద్దని అత్తమ్మ అడ్డం నిలబడింది. కననిదానివి నీకేం తెలుసని నన్ను అంది. అక్క పాపను గుడ్డలో చుట్టుకుని తనే గడప దాటింది. అన్నానికి వచ్చిన నిఖిల్ ఆటో పిలిచాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పాప రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎక్కడ ముట్టుకుంటే ఏడుస్తోందో, జ్వరం ఉందో, కాన్పు ఎట్లా అయిందో కనుక్కుంది. ఎక్స్‌రేలో భుజం కింది ఎముక మీద సన్నని గీత. లోపల చీము పట్టలేదని తేలాలంటే రక్తపరీక్ష కావాలనీ, రిపోర్టు రేపు వస్తుందనీ, అందాకా పాపను అక్కడే ఉంచాలనీ చెప్పింది.

"దెబ్బ ఎట్ల తాకింది?" అని అడిగింది.

"గాజులని చెప్పు. అమ్మ పేరెందుకు?" నిఖిల్ నా చెవిలో గొణిగాడు. నాలుగు నెలల్లో మొదటిసారి ఆ గొంతు నాకు పరాయిగా వినిపించింది.

"గాజు మణికట్టు కాడుండె మేడం. ఎముక విరిగింది పైన. లాలప్పుడు గుంజిన్రు" అన్నాను.

చేతిని ఒంటికి ఆనించి మెత్తగా కట్టారు. వరండాలోకి వచ్చాక నిఖిల్, ఇంట్లో అమ్మకు ఏం చెప్పాలని అడిగాడు.

"నువ్వేం చెప్పకు. అక్క కాడ నేనుంటా. రేపు పొద్దున అత్తమ్మను గీడికి తీసుకరా. డాక్టరమ్మకు చెప్పిందే అత్తమ్మ ముందర మళ్ల చెప్త."