బేరిపండు గుర్తు

పదిహేడో వ్యాగన్ దగ్గర వెటురియా సుత్తి ఆగిపోయింది.

మళ్ళీ కొట్టింది. మంచి చక్రం గంటలా మోగుతుంది. ఇది పగిలిన కుండ మీద కొట్టినట్టు డబ్ మని ఊరుకుంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, నెత్తిన కట్టుకున్న గుడ్డతో కళ్ళలోకి కారుతున్న చెమట తుడుచుకుని చక్రంలోకి తొంగిచూసింది. జులై ఎండకి కంకర రాళ్ళు మోకాళ్ళను కాల్చేస్తున్నాయి. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కాక ఇది నాలుగో రైలు. ప్లాట్‌ఫారం మీద కొత్తగా బిగించిన బోర్డులో ఎర్రటి అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. రైలు వచ్చినప్పుడు ముప్పయ్యయిదు నిమిషాలు. ఇప్పుడు పదహారు. అది సున్నా అయ్యేలోపు ముప్పయ్యొక్క వ్యాగన్లూ చూసి, రైలును హంగరీలోకి పంపెయ్యాలి.

పాత వ్యాగన్ల చక్రాలకి చుట్టూ ఉక్కు పట్టా ఉంటుంది, ఎద్దుబండి చక్రానికి ఇనప పట్టా కాల్చి బిగించినట్టే. పట్టా మీద నుంచి చక్రం మీదికి అడ్డంగా ఒక పసుపు గీత గీస్తారు. పట్టా జారితే గీత తెగుతుంది. ఇక్కడ ఆ రెండు ముక్కల మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంది. దారిలో ఎక్కడో బ్రేకు పట్టేసి వదల్లేదు, చక్రం కాలిపోయింది. రంగు బొబ్బలెక్కి ఇంకా వాసన కొడుతోంది.

"మిత్రుట్, ఇటు రా," అంది ఆమె వ్యాగన్ కింద నుంచి.

అవతలి పక్క బూట్లు ఆగాయి. "ఏంటొదినా? నాకింకా పద్నాలుగు బళ్ళున్నాయి."

"రమ్మన్నానా."

మిత్రుట్ ఆమెకు మరిది. చనిపోయిన భర్త దోరెల్‌కి తమ్ముడు. తొమ్మిదిమంది తనిఖీవాళ్ళలో వీళ్ళిద్దరూ ఒక జట్టు, రైలుకి చెరో పక్క. అతను వ్యాగన్ల మధ్య నుంచి దూరి వచ్చి చక్రం చూశాడు.

"రంగేసినోడికి చెయ్యి వణికిందేమో."

"వణికితే గీత వంకరవుద్ది. తెగదు."

"నా పక్క బాగానే ఉంది."

"నీ పక్క గురించి అడిగానా? వంద స్పీడులో తీసా నది వంతెన మీద ఈ పట్టా ఊడితే, పక్క లైన్లో జనం బండి వస్తుంటే, ఏమవుద్దో నేను చెప్పాలా నీకు?"

"చెప్పొద్దు," అన్నాడు మిత్రుట్. గొంతు తగ్గించాడు. "చూడలేదనుకో వదినా. ఈ ఒక్కరోజుకి."

ప్లాట్‌ఫారం మీద బాజావాళ్ళు సరంజామా సర్దుకుంటున్నారు. స్టేషన్‌కి కొత్త సున్నం వేశారు. బల్ల మీద నీలం గుడ్డ పరిచి, పళ్ళెంలో కత్తెర పెట్టారు. నల్లసముద్రం రేవు నుంచి ఉత్తర సముద్రం రేవు దాకా, అయిదు దేశాలు దాటే సరుకు రైళ్ళ కారిడార్‌లో ఇది మొదటి రైలు. రాజధాని నుంచి వచ్చినవాళ్ళూ, పైదేశాల నుంచి వచ్చినవాళ్ళూ టెంటు కింద చల్లటి నీళ్ళు తాగుతున్నారు.

మా ఊరు లుంకా గురించి ఒక మాట చెప్పాలి. మాకు రైళ్ళు ఆగడమే పంట. ఒకప్పుడు ప్రతి సరుకు రైలూ ఈ సరిహద్దులో పదకొండు గంటలు పడుండేది. ఇంజను మారాలి, డ్రైవర్ మారాలి, కాగితాలు మారాలి, చక్రాలు చూడాలి. యూరప్ మొత్తానికి అది నష్టం. మాకు అది కూడు. స్టేషన్ ఎదురుగా అనూత నడిపే పూటకూటి ఇంట్లో రోజుకి రెండొందల గిన్నెల చిక్కుడుగింజల పులుసు తెగేది. ఇప్పుడు పన్నెండు గిన్నెలు పోతే గొప్ప. స్టేషన్ గోడ మీద అంటించిన కాగితంలో ఒక్కో రైలు నలభై లారీలను రోడ్డు మీంచి తప్పిస్తుందనీ, సముద్రం నుంచి సముద్రానికి మూడు రోజులు మిగులుతాయనీ రాశారు. అబద్ధమేం కాదు. లెక్క సరిగ్గానే కట్టారు. ఆ మూడు రోజులూ ఎవరి బతుకులోంచి మిగిలాయో మాత్రం రాయలేదు.

వెటురియా సుత్తి భుజాన వేసుకుని స్టేషన్ వైపు నడిచింది. పూటకూటి ఇంటి గడప దగ్గర నిలబడ్డ, ఊరంతా అత్తా అని పిలిచే అనూత ఆమెకి గ్లాసుడు మజ్జిగ అందించింది.

"తాగవే. మొహం ఎర్రగడ్డలా ఉంది. అయిపోయిందా?"

"లేదత్తా. ఒక చక్రం పాడైంది."

"ఇవాళేనా దానికి రోగం? బాజాలు పెట్టి పెళ్ళి మాత్రం మన ఊళ్ళో చేస్తున్నారు, పెళ్ళికొడుకేమో ఆగడంట." ముసలమ్మ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసింది. "చెప్తావా?"

"చెప్పాలిగా."

స్టేషన్ మాస్టర్ పొంపీలియు అప్పటికే పరుగులాంటి నడకతో ఎదురొస్తున్నాడు. కొత్త కోటు చంకల్లో తడిసిపోయింది. చెడ్డవాడు కాదు. దోరెల్ పోయినప్పుడు శవపెట్టె మోసినవాళ్ళలో అతనూ ఉన్నాడు.

"సిగ్నల్ అడగనా వెటురియా?"

"పదిహేడోది తీసెయ్యాలి సార్. పట్టా జారింది."

అతను బోర్డు వైపు చూశాడు. తొమ్మిది. "దేంతో తీస్తాం? షంటింగ్ ఇంజను మార్చిలోనే పట్టుకుపోయారుగా. అరాద్ స్టేషన్ నుంచి తెప్పించాలంటే మూడు గంటలు."

"తెప్పించండి."

"అక్కడ కత్తెర పట్టుకుని కూర్చున్నవాళ్ళకి ఏం చెప్పను? సరిహద్దులో ఆలస్యం ఉండదని చూపించడానికే కదమ్మా ఈ రైలు." మెడ తుడుచుకున్నాడు. "ఇంకో సంగతి విను. కొత్త ఒప్పందం ప్రకారం రేవులో చక్రాలు చూసినవాణ్ణి నమ్మి వదిలెయ్యడమే. రేపట్నుంచి దూరం బళ్ళని ఇక్కడ ఎవరూ ముట్టుకోరు. ఇవాళ్టి తనిఖీ ఫొటో కోసం. ఆడమనిషి సుత్తి పట్టుకుంటే బావుంటుందని పేపరు వాళ్ళు అడిగారు."

ఆమె సుత్తి భుజం మీంచి దించింది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె చక్రాల మోత విని తిండి తిన్నది. మంచులో, వానలో, జ్వరంతో, దోరెల్ పోయిన తొమ్మిదో రోజు నుంచీ.

"ఫొటో కోసమైతే మరి ఎండలో పదిహేడు బళ్ళు ఎందుకు కొట్టించారు నాతో?"

"నువ్వు నిజంగా కొడతావని ఎవడనుకున్నాడు?" అన్నాడు పొంపీలియు. విసుగ్గా అన్నాడు కానీ, అన్నాక తలెత్తలేదు.

తర్వాత అతను చెప్పింది ఆమెకి తెలిసిందే. ఊరి సరుకు బళ్ళ కోసం తొమ్మిదిమందిలో ముగ్గుర్నే ఉంచుతారు. జాబితా సోమవారం గోడకెక్కుతుంది. ఇద్దరి పేర్లు రాశారు, అందులో ఒకటి ఆమెది. అతనే రాయించాడు. మూడోది ఖాళీగా ఉంది. పేరు పోతే నెలకొచ్చే నాలుగువేల లెయ్‌ల జీతమూ పోతుంది, రైల్వే క్వార్టరూ నెల తిరక్కుండా ఖాళీ చెయ్యాలి. క్వార్టర్లో మంచం మీద అత్తగారుంది. పెరట్లో దోరెల్ నాటిన బేరిచెట్టుంది.

"తనిఖీ కాగితం మీద సంతకం నేను చేసుకుంటాను," అన్నాడు అతను. "నువ్వు గుర్తు వెయ్యి చాలు."

గుర్తంటే సుద్దముక్కతో వేసేది. తనిఖీ అయ్యాక మా వాళ్ళు ఇంజను పక్కనున్న మొదటి వ్యాగన్ మీద తమ తమ గుర్తు వేస్తారు. ఏ పుస్తకంలోనూ రాసి లేదు, ఎవడూ మానలేదు. మిత్రుట్‌ది శిలువ. వెటురియాది తొడిమతో ఉన్న బేరిపండు. అది మొదట దోరెల్‌ది. అతను పోయాక ఆ ఉద్యోగంతోపాటు గుర్తు కూడా ఆమెకొచ్చింది. డ్రైవర్లు కిటికీలోంచి వంగి ఆ పండు చూసుకుని, రెండుసార్లు కూత వేసి బయల్దేరేవాళ్ళు. కాగితాన్ని నమ్మని డ్రైవర్లు కూడా బేరిపండును నమ్మారు. ఇన్నేళ్ళలో ఆ గుర్తున్న రైలు ఒక్కటీ దారిలో పడలేదు.

ఆమె తిన్నగా ఇంజను దగ్గరికి వెళ్ళింది. అవతలి దేశం డ్రైవర్ జిగ్మొండ్ కిటికీలో మోచెయ్యి ఆనించి ఉన్నాడు. సరిహద్దు మీద బతికినవాడు కాబట్టి మా మాట కొంచెం వచ్చు.

"పదిహేడో బండి చక్రం కాలింది తమ్ముడూ. వెళ్ళకు."

అతను చేతిలోని పలకలాంటి యంత్రం ఆమెకి తిప్పి చూపించాడు. బండికొకటి చొప్పున ముప్పయ్యొక్క గళ్ళు. అన్నీ పచ్చగా ఉన్నాయి.

"ఇందులో ఏం లేదక్కా."

"చక్రంలో ఉంది."

"ఇందులో లేనిదానికి నేను బండి ఆపితే, రేపు ఇంకోడు తోలతాడు," అన్నాడు జిగ్మొండ్. వెనక్కి, పదిహేడో వ్యాగన్ ఉన్న వైపు చూశాడు. "నెమ్మదిగా పోదామంటే నా వెనకే ఇంకో బండి ఉంది." తర్వాత, దబాయించకుండా, అడుక్కున్నట్టుగా అన్నాడు. "గుర్తు వేస్తావా, వెయ్యవా?"

అంతలో ఫొటోగ్రాఫరూ, పొంపీలియు, వెనకాల కత్తెర పళ్ళెంతో టెంటు మనుషులూ వచ్చేశారు. ఆమెను వ్యాగన్ పక్కన నిలబెట్టారు. సుత్తి కొంచెం పైకి పట్టుకోమన్నారు. నవ్వమన్నారు. ఎవరో ఆమె నెత్తి మీది గుడ్డ సరిచేశారు. ఒక పెద్దమనిషి ఆమెతో చెయ్యి కలిపి, మసి అంటిన అరచేతిని కోటు వెనక్కి దాచుకున్నాడు. బోర్డు మీద మూడు.

"ఇప్పుడు సుద్దతో ఆ బొమ్మేదో వెయ్యండి," అన్నాడు ఫొటోగ్రాఫర్.

వెటురియా జేబులోంచి సుద్దముక్క తీసింది. వ్యాగన్ తలుపు మీద చెయ్యి పెట్టింది. అత్తగారు ఈ వేళకి మంచినీళ్ళకోసం చూస్తూ ఉంటుంది. బేరికాయలు ఇంకో నెలలో పండుతాయి. గుర్తు వేస్తే రెండు గీతలు, ఒక తొడిమ, అంతే. దోరెల్ దాన్ని చెయ్యెత్తకుండా ఒక్క ఊపులో వేసేవాడు.

సుద్దముక్క మళ్ళీ జేబులో వేసుకుంది.

"నేను వెయ్యను."

"ఏంటి?" అన్నాడు పొంపీలియు.

"చక్రం బాలేదు. నేను వెయ్యను."

గట్టిగా అన్లేదు. బాజావాళ్ళకి వినిపించను కూడా లేదు. పొంపీలియు ఆమె వంక ఇక చూడలేదు. మెల్లిగా మిత్రుట్ వైపు తిరిగాడు.

"మూడో పేరు ఇంకా రాయలేదు మిత్రుట్."

మిత్రుట్ వదిన మొహంలోకి చూడకుండా ముందుకొచ్చాడు. తన శిలువ వేశాడు. సుద్ద పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది. తర్వాత ఆ శిలువ పక్కన, అన్న వేసినట్టే, ఒక్క ఊపులో బేరిపండు వేశాడు. తొడిమ కూడా సరిగ్గా వచ్చింది. చిన్నప్పట్నుంచీ చూసినవాడు కదా. కెమెరా టకటకలాడింది.

"అమ్మ నీ దగ్గరే ఉంది వదినా," అన్నాడు నోట్లోనే. "ఇద్దరిలో ఒకళ్ళకన్నా మిగలాలిగా."

ఆమె అతన్ని తిట్టలేదు. అరచేతిలో ఉమ్మేసుకుంది. నలుగురూ చూస్తుండగానే వ్యాగన్ దగ్గరికెళ్ళి, బేరిపండును అడ్డంగా తుడిచేసింది. మొదటిసారి పోలేదు, ఎండకి ఇనుం కాలుతోంది. మళ్ళీ ఉమ్మి తుడిచింది. మరిది శిలువ జోలికి పోలేదు. అది అతనిది.

ఎవరో కత్తెర అందించారు. ఇంకెవరో రిబ్బన్ కోశారు. బాజా మొదలైంది. సిగ్నల్ పచ్చబడింది.

జిగ్మొండ్ కిటికీలోంచి వంగి చూశాడు. వ్యాగన్ మీద తెల్లటి మరకని చూశాడు, తర్వాత ఆమెని చూశాడు. కూత వెయ్యలేదు. రైలు కదల్లేదు. బోర్డు మీద సున్నా వచ్చింది. దాని తర్వాత అంకెలు ముందుకు నడవడం మొదలుపెట్టాయి, పక్కన ఒక చిన్న మైనస్ గీతతో. టెంటు మనుషులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆ కారిడార్ మొత్తమ్మీద వెటురియాకి దక్కింది ఆ ఒక్క నిమిషం. పొంపీలియు జేబులో ఫోను మోగింది. మరుక్షణం జిగ్మొండ్ చేతిలోనూ మోగింది. అతను తల లోపలికి తీసుకున్నాడు.

రైలు కదిలింది. చప్పట్లు కొట్టారు.

వెటురియా చెవి పట్టాల వైపు పెట్టి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పదహారు దాకా చక్రాలు చక్కగా మోగుతూ వెళ్ళాయి. పదిహేడోది బాజా మోతలో కూడా ఆమెకి విడిగా వినిపించింది, డబ్, డబ్, డబ్ అని. పద్దెనిమిదోది మళ్ళీ బాగానే మోగింది. బీట్‌దుంపల చేలు దాటాక ఇంజను వేగం అందుకుంది.

బల్ల మీది నీలం గుడ్డ మడిచేశారు. అనూత వచ్చి పక్కన నిలబడింది.

"ఇంటికి పోదాం పదవే. ముసల్ది మంచినీళ్ళడుగుతుంటది."

"ఉండత్తా."

"రైలెప్పుడో పోయింది."

"తెలుసు," అంది వెటురియా. సుద్ద అంటిన అరచేయి అలాగే తెరిచి పట్టుకుని, వంతెన ఉన్న దిక్కుగా చెవి పెట్టి నిలబడింది.