నూనె తలల మీద నేను చెప్పిన అబద్ధం

నేను ఒక టోపీని. ఎండకీ వానకీ పనికిరాను, పెళ్ళికీ పేరంటానికీ అసలే పనికిరాను. ఒళ్ళంతా ముప్ఫై రెండు వెండి బిళ్ళలు, వెనక జడలా వేలాడే తీగలు. తల మీద పెడితే మెదడులో పుట్టే సన్నని కరెంటు అలల్ని పట్టి తెర మీద గీస్తాను. ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో పుట్టి, విశాఖలో ఒక వైద్య కళాశాలకు చేరి, మానసిక వైద్యురాలు ఇందుమతి గారి చేతుల్లో పడ్డాను.

మంచి మనిషే గానీ పట్టిన పట్టు విడవరు. "మనసు జబ్బుని గాలి, దెయ్యం అంటారు. అది మెదడులో కనిపిస్తుందని చూపిస్తాను" అనేవారు. స్కిజోఫ్రీనియా రోగులు నలభై మంది, పోల్చి చూడటానికి కాలేజీ విద్యార్థులు నలభై మంది. అందరి తలలూ ఎక్కి దిగాను. విద్యార్థుల అలలు ఏపుగా వచ్చాయి, రోగులవి నీరసంగా వచ్చాయి. పరిశోధన పేపరు అచ్చయింది. ఇక ప్రొఫెసర్ పదవి ఖాయమన్నారు అందరూ. నాకూ కాస్త పొగరెక్కిన మాట నిజం.

రోజూ నన్ను తుడిచి ఆరేసే ఆయా పైడితల్లి ఒకనాడు డాక్టరమ్మ దగ్గర గొణిగింది. "ఓ మాట సెప్తే ఏటీ అనుకోకండమ్మా. పెద్ద డాట్రమ్మ తలకాయ సూత్తాదని ఈ రోగుల తల్లులు గిన్నెడు కొబ్బరినూనె మర్దించి మరీ తెస్తన్నారు. కాలేజీ పిల్లలవి సాంపూ తలలు. నూనె మీద ఈ బిళ్ళలు అంటుకుంటాయేటి?"

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. తన తలకే నూనె పట్టించి నన్ను పెట్టుకున్నారు. తెర మీద అచ్చం రోగుల అలలే! వార్డు కుళాయి కింద కుంకుడు రసంతో తల రుద్దుకుని, ఆరాక మళ్ళీ పెట్టుకుంటే ఏపుగా లేచాయి.

"ఓలమ్మో! గంటలో రోగం కుదిరిపోనాదేటి!" అంది పైడితల్లి. డాక్టరమ్మ పకపకా నవ్వారు. నవ్వుతూనే ఏడ్చేశారు. నాకైతే సిగ్గుతో తీగలన్నీ ముడుచుకుపోయినట్టయింది.

పేపరు వెనక్కి తీసుకుంటానంటే విభాగాధిపతి పరాంకుశం గారు మందలించారు. "ఇంటర్వ్యూ వచ్చే నెలే కదమ్మా. ఊరుకుంటే పోయేదేముంది?"

"నా పేపరు చదివి ఏ డాక్టరో ఒక తల్లితో 'మీవాడి మెదడు ఇంతేనమ్మా' అంటే, సార్?"

పేపరు వెనక్కి తీసుకున్నారు. పదవి ఇంకొకరికి పోయింది. మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టారు. ఈసారి పైడితల్లి ప్రతి తలా కుంకుళ్ళతో రుద్దాకే నా వంతు. ఆరేళ్ళు పట్టింది.

ఇప్పుడు బిళ్ళలు అరిగి గాజు బీరువాలో హాయిగా కూర్చున్నాను. పొరపాటు చేసినదాన్ని ఇంత గౌరవంగా దాచుకోవడం మనుషులకే చెల్లింది. నేను తలచుకునేది మాత్రం ఒక్క రోజునే. ఫలితం తేలిన నాడు, మొదటి విడతలో కొడుకుని తెచ్చిన తల్లి మళ్ళీ వచ్చింది.

"అప్పుడు శానా తేడా ఉందన్నారు కదమ్మా?"

"నేనే తప్పు చెప్పానమ్మా, క్షమించు. ఈ జబ్బున్నవాళ్ళకీ మనకీ ఉన్న తేడా చాలా కొంచెం."

"కొంచెమేనా!" అంటూ ఆ తల్లి బెంచీ మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ప్రొఫెసర్ అయిననాడు కూడా డాక్టరమ్మ మొహం ఆ నవ్వు చూసినప్పుడు వెలిగినంతగా వెలగలేదు.