పొగ అందని వాళ్ళు

ఆల్చిప్పల పొర తగలగానే ఆంబ్రోస్ పార పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇక్కడి నుంచి చేత్తోనే తవ్వుతాడు. వంగిన నడుము, గోళ్ళ కింద తెల్లటి పొడి. ఈ గుట్ట మీది ఇళ్ళకు సెప్టిక్ గుంటలు తవ్వేది అతనే. మిషనుకైతే కాసేపటి పని. కానీ మావాళ్ళ ఎముకలకు ముందు మావాళ్ళ చెయ్యే తగలాలని అతని పట్టు. దొరికినవాటిని గుడ్డలో చుట్టి, పైన చెట్ల కింద మళ్ళీ పూడుస్తాడు.

తెల్లవాళ్ళు రాకముందు ఇది ఈ తీరపు ఆదివాసులం, మా సేలిష్ జనం ఊరు. పోయినవాళ్ళను ఇక్కడే పూడ్చేవాళ్ళం. ఇప్పుడీ స్థలం డోరీన్‌ది. ఆమె తాత వచ్చి ఆపిల్ తోట వేశాడు. మమ్మల్ని సముద్రపు పాయ అవతలికి తోలారు. ఆ తోటే ఇప్పుడు ప్లాట్లు.

డోరీన్ గట్టు మీదికి వచ్చింది. చిన్నప్పుడు ఇద్దరూ ఆ తోటలో కాయలు ఏరారు. ఆమె సరదాకి, అతను కూలికి.

"ఏంటి ఆంబ్రోస్, నిధి దొరికిందా?"

"మా అవ్వ తిని పారేసిన చిప్పలు. మీ తాతవి కావులే, భయపడకు."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

"తవ్వేముందు పెద్దలకి చేప కాల్చాలి డోరీన్. పొద్దున్నే నిన్ను అడిగా."

మంటలో వేస్తే పొగే వాళ్ళకు చేరుస్తుంది. ఆకలితో ఉన్నవాళ్ళను కదపకూడదు.

"అడవులు తగలబడుతున్నాయి, చూస్తున్నావుగా. ఎక్కడా మంట పెట్టనివ్వడం లేదు. వానలు పడనీ, కట్టెలు నేనే ఇస్తా."

"రేపేగా ట్యాంకు దించేది."

"నన్నేం చెయ్యమంటావు మరి?"

ఆమె మాటా నిజమే. కొండల మీద ఆకాశం గోధుమరంగులో ఉంది. ఎక్కడ చూసినా పొగే, పెద్దలకు అందాల్సింది తప్ప.

మధ్యాహ్నం దాటాక వేళ్ళకు గుండ్రంగా తగిలింది. అరచేతిలో పట్టేంత పుర్రె. పసిబిడ్డది.

చాలాసేపు దాని మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. కదిపితే తప్పు. వదిలితే రేపు ట్యాంకు కింద. ఎండుచేప తుంచి పక్కన పెట్టాడు. కాల్చనిది చేరదని తెలుసు.

"ఇదే ఉంది తల్లీ. ఇలాగే తిను."

మట్టి కప్పి, గుంట గోడకు ఆనుకున్నాడు. సాయంత్రం డోరీన్ పిలిస్తే పలకలేదు. నిద్రపోతున్నాడనుకుంది.

రాత్రికి అతని శవాన్ని తీసుకెళ్ళడానికి మేనకోడలు లొరెట్టా వచ్చింది.

"మామకి ఇక్కడేమైనా దొరికిందా?" డోరీన్‌ని అడిగింది.

"చిప్పలేనట. తనే అన్నాడు."

మర్నాడు మిషను వచ్చి మిగతాది తవ్వేసింది. చీకటి పడకముందే ట్యాంకు దించి పూడ్చారు. కంచె మేకుకు అతని కోటు వేలాడుతూ ఉంది, జేబులో ఇంకా గియ్యని అగ్గిపెట్టె.