సెల్బీ వారి పేరు

తల్లి పుట్టింటి ఇంటిపేరునే కొడుక్కి పేరుగా పెట్టుకోవడం మా యార్క్‌షైర్‌లో కొత్తేమీ కాదు. పుట్టింట మగదిక్కు లేకపోతే మరీను. మా సెల్బీ వారింట మిగిలింది నేనూ, మా చెల్లెలు లెటీ. అన్న వాల్టర్ ఫ్రాన్సులో జరిగిన యుద్ధంలో పోయాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. లెటీ క్రౌథర్ల కోడలైంది. దాని కొడుక్కి సెల్బీ అని పెట్టకపోతే ఆ పేరు నాతోనే మట్టిలో కలిసిపోతుంది. "నా పెద్దకొడుకు సెల్బీయే హెస్టరక్కా" అని అది నాతో ఎన్నిసార్లు అందో.

కొడుకు పుట్టాడు. చూద్దామని వెళ్తే లెటీ అత్తగారు క్రౌథరమ్మ ఉయ్యాల పక్కన కుర్చీ వేసుక్కూచుంది.

"బాబు పేరు హోవర్డ్," అంది.

"సెల్బీ అనుకున్నాం కదండీ," అన్నాను.

ఆవిడ మూతి మూడు వంకర్లు తిప్పింది. "గొర్రెల దొడ్డి తలుపు మీద రాసుకునే పేరమ్మా అది. మనిషికెవరైనా పెట్టుకుంటారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మా దొడ్డిలో గొర్రెలు మాత్రం ఆవిడకి కావాల్సొచ్చాయి. మా నాన్న పోగానే పచ్చికబీడు కావాల్సొచ్చింది. మా అమ్మ పింగాణీ సామానంతా ఆవిడ అద్దాల బీరువాలోనే ఉంది. పేరు దగ్గరికొచ్చేసరికి గొర్రెల కంపు కొట్టిందా?

"మీ ఆయన పేరేమిటండీ?" అన్నాను.

"పెర్సీ. నీకు తెలీదా?"

"మీ అబ్బాయి పేరు?"

"స్టాన్లీ. ఏమిటీ పిచ్చి ప్రశ్నలు?"

"పెర్సీ, స్టాన్లీ, ఇప్పుడు హోవర్డ్. మూడూ ఇంటిపేర్లే కదండీ. పెద్దపెద్ద ప్రభువులవి. వాళ్ళలో ఒక్కరైనా మీ ఇంట్లో ఓ పూట టీ తాగారా? స్టాన్లీ అంటే రాళ్ళ నేల. సెల్బీ అంటే చెట్ల పక్క పల్లె. రాళ్ళకంటే చెట్లేం తీసిపోయాయి?"

"ప్రభువుల పేరైతే పిల్లాడికి గౌరవం. మీ పేరుతో వాడికేం ఒరుగుతుంది?"

లెటీ వైపు చూశాను. నోట్లో నాలుక లేని మనిషి. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని దుప్పటి అంచు నలుపుతోంది. స్టాన్లీ అయితే పెళ్ళాం మొహం చూడ్డానికి ధైర్యం చాలక కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

లెటీ అత్తగారిని అడిగింది ఒక్కటే, బాప్తిస్మంలో బిడ్డనెత్తుకునే జ్ఞానతల్లిని నన్ను చెయ్యమని. పోనీలే అని ఒప్పుకుంది ఆవిడ. బాప్తిస్మానికి ఏర్పాట్లన్నీ తనే చేసుకుంది. పందితొడ హామ్ ఉడికించింది, కేకు మీద చక్కెరతో హోవర్డ్ అని రాయించింది, వెండి గిన్నె మీద కూడా చెక్కించింది. చర్చిలో పిల్లాడి పేరు పలికేది నాయనమ్మ కాదన్న సంగతి మాత్రం మర్చిపోయింది. తండ్రీ కాదు. పేరు చెప్పమని పాదిరిగారు అడుగుతారు, బిడ్డనెత్తుకున్న జ్ఞానతల్లి చెబుతుంది. ఆ పేరుతోనే నీళ్ళు పోస్తారు.

ఒట్టేసి చెబుతున్నా, ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు నాకే దురుద్దేశమూ లేదు. హోవర్డ్ అనే చెప్పేసి, హామ్ తినేసి వచ్చేద్దామనుకున్నాను. చర్చిలో బాప్తిస్మపు నీళ్ళతొట్టి దగ్గర క్రౌథరమ్మ నా చెవి దగ్గరికొచ్చింది. "గొర్రెల్ని అదిలించినట్టు అరవకు. మర్యాదగా పలుకు," అంది.

"ఈ బిడ్డకు పేరు చెప్పండి," అన్నారు పాదిరిగారు.

"సెల్బీ," అన్నాను. చాలా మర్యాదగా పలికాను.

నీళ్ళు పడ్డాయి. వాడు కేరుమన్నాడు.

క్రౌథరమ్మ మొహం మాడిపోయింది. "తప్పు చెప్పిందండీ ఇది. మళ్ళీ చెయ్యండి."

"ఒకసారి బాప్తిస్మమయ్యాక మళ్ళీ చెయ్యడం ఉండదమ్మా," అన్నారాయన.

బయట మెట్ల మీద ఆవిడ నాకు అడ్డంగా నిలబడింది. "ఇక మా గడప తొక్కావంటే చూడు. చర్చిలో ఏమన్నా వాడు మా ఇంట్లో హోవర్డే. ఇంకో పేరుతో వాణ్ణి ఎవరు పిలుస్తారో నేనూ చూస్తా."

అప్పుడు నిజంగా భయమేసింది. పేరు నిలబెట్టాననుకున్నాను గానీ ఆ ఇంట్లో పిలిచే నోరేది? పైగా చెల్లెలి గడప కూడా పోగొట్టుకున్నాను.

లెటీ వచ్చి నా చేతుల్లోంచి పిల్లాణ్ణి తీసుకుంది. శాలువా సరిగ్గా చుట్టింది.

"సెల్బీకి ఆకలేస్తోందత్తయ్యా," అంది. "కాస్త జరగండి. అక్కా, నువ్వూ రా, టీ చల్లారిపోతుంది."

ఆవిడ జరిగింది.